థావోదారువు — శబ్దసామ్యవిమర్శము

చీనదేశీయుల లోకాచారములలో భూతనివారణమునకును గృహరక్షకును వినియోగింపఁబడు దారువులలో నగ్రగణ్యమైనది థావోవృక్షపుఁ గొయ్య. ఆంగ్లేయులు పీచ్ అని వ్యవహరించు ఫలము నిచ్చు చెట్టే యిది. తెలుఁగునఁ బీచుశబ్దము నారయందు రూఢమై యున్నది గావున, భ్రాంతి గలుగకుండుటకై చీనభాషాపదమే యిందు గ్రహింపఁబడినది. ఆ పదమునందలి తొలివర్ణము మహాప్రాణము; కావున థావో యని వ్రాయుటయే యుచితము. అల్పప్రాణముతోడి తావో శబ్దము మార్గవాచకమై, యొక మతమునకు నామమై, వేఱుగ నున్నది.

ఈ కొయ్యతోఁ జేసిన ఖడ్గమును గృహమున వ్రేలాడఁగట్టుట, తావోమతపురోహితులు భూతోచ్చాటనమున నట్టి ఖడ్గమునే ధరించుట, యీ ఫలపు టెంకను జెక్కి శిశువులకు రక్షగాఁ గట్టుట మున్నగునవి చీనమున బహుకాలానుగతములైన యాచారములు. షాన్‌దోంగ్ రాష్ట్రమందలి ఫేయ్‌ఛెంగ్ ప్రాంతము థావోతోఁటలకును, ఆ కొయ్యపైఁ జేయు చెక్కడపుఁ బనికిని నేఁటికిని బేరుగన్నది.

భూతము లీ కొయ్యకు వెఱచుటకుఁ గారణ మేమని ప్రశ్నించినచోఁ దఱచుగా వినవచ్చు సమాధాన మొక్కటియే. వృక్షవాచకమైన థావో శబ్దమును, పలాయనవాచకమైన థావో శబ్దమును ధ్వనియందు సమానములు. కావున నా కొయ్యను జూచినంతనే భూతములు పలాయనము సేయునని జనులు విశ్వసించిరఁట. లిపియందును నీ రెంటికి సంబంధము గలదు. వృక్షసంకేతముతో జావో యను సంకేతము గూడి చెట్టును, గమనసంకేతముతో నా జావోయే కూడి పలాయనమును దెలుపుచున్నవి. ఆ జావోకుఁ బ్రత్యేకముగా శకున మను నర్థము గలదు గావునఁ గొంద ఱా శకునార్థమును గూడ నీ చెట్టుపై నారోపింతురు.

శబ్దసామ్య మున్న దనుట నిర్వివాదము. ఆ సామ్యమే యాచారమునకు హేతువా, లేక యాచార మేర్పడిన పిమ్మట దానిని సమర్థించుటకు వచ్చిన నిర్వచనమా యనునదియే విచార్యము. ఇది పరదేశపు వృక్షమునకుఁ జెందిన యల్పప్రశ్నగాఁ దోఁపవచ్చును. కాని లోకాచారములను శబ్దవ్యుత్పత్తులతో వివరించుట కలవాటుపడిన పండితుల కెల్లరకు నిది సంబంధించినదే. మాట కుదిరినంతమాత్రమునఁ జరిత్ర కుదిరినదని తలఁచుట యుచితమా యనునదియే యిందలి ముఖ్యాంశము.

హేతువు కార్యమునకుఁ బూర్వ ముండవలెను. కావున ముందుగాఁ గాలక్రమము విచారింపఁదగును.

ఈ యాచారమునకుఁ బ్రాచీనసాక్ష్యములు జువోజువాన్ అను చరిత్రగ్రంథమునఁ గన్పట్టుచున్నవి. క్రీ.పూ. 544వ సంవత్సరమున లూ రాజ్యాధిపతియైన షియాంగ్ ప్రభువు చూ రాజధానియం దుండెను. అంతకు స్వల్పకాలము ముందు చూ రాజగు కాంగ్ మృతినొంది యుండెను. చూవారు బలవంతులు, లూవారు దుర్బలులు. మృతుని దేహమునకు స్వహస్తముతో వస్త్రము సమర్పింపవలయునని చూవారు లూప్రభువును నిర్బంధించిరి. అట్లు చేయుట తనకు లాఘవము; మానుట యపాయకరము. ప్రభువు సంకటపడుచుండఁగా మూషూ యను మంత్రి యుపాయము సెప్పెను. ముందుగా శవపేటికకు శుద్ధికర్మ జరపించి పిదప వస్త్రము సమర్పించినచో, నది సభలోఁ గానుకలు పఱచుటతో సమానమే యగు నని యతని యభిప్రాయము. ప్రభువు మాంత్రికుని రావించి, థావోకొమ్మతోను ఱెల్లుచీపురుతోను ముందు శుద్ధి చేయించెను. చూవారు వారింపలేదు, పిమ్మటఁ బశ్చాత్తప్తులైరి.

వారి పశ్చాత్తాపమునకుఁ గారణము లీజీ యను కర్మగ్రంథమువలనఁ దెలియుచున్నది. రాజు తన మంత్రి మరణించినపుడు పరామర్శకుఁ బోవుచో, థావోకొమ్మయు ఱెల్లుచీపురును బూనిన మాంత్రికపురోహితులను, ఆయుధధారిని వెంటఁ గొనిపోవలయు నని యందు విధింపఁబడినది. కావున లూప్రభువు చేయించిన కర్మచే మృతుఁడైన చూరాజు లూప్రభువునకు మంత్రిస్థానీయుఁ డైనట్లయ్యెను. అవమానింపఁదలఁచినవారే యవమానితులైరి. ఆ కాలమునకే థావోకొమ్మ మోటుజనుల మూఢవిశ్వాసముగాక, రాజసభలయందు సర్వులకుఁ దెలిసిన కర్మసాధన మైన దనుటకు నింతకంటెఁ బ్రబలసాక్ష్యము వేఱు వలదు.

ఆ గ్రంథమందే క్రీ.పూ. 538వ సంవత్సరపుఁ బ్రసంగమునఁ, జలికాలమున నిల్వచేసిన మంచుగడ్డలను వెలికిఁ దీయునపుడు థావోధనుస్సును, ముండ్లకొమ్మలతోఁ జేసిన బాణములను నుంచి యరిష్టమును దొలఁగింతు రని చెప్పఁబడినది. ఈ మూఁడుచోట్లను గర్మ చెప్పఁబడినది, సాధనములు చెప్పఁబడినవి. ఆ చెట్టే యేల యను ప్రశ్న లేదు. శబ్దసామ్యముయొక్క ప్రసక్తియు లేదు. మీమాంసకుల పరిభాషలోఁ జెప్పవలెనన్న నిది కేవలవిధి.

అర్థవాదములు పిమ్మట వచ్చినవి. క్రీ.పూ. 139వ సంవత్సరమున ల్యూ ఆన్ అను రాజకుమారుఁడు హాన్ చక్రవర్తికి సమర్పించిన హ్వాయ్‌నాన్‌జీ యను గ్రంథమున, ధానుష్కశ్రేష్ఠుఁడైన యీ యను వీరుఁడు థావోదండముచే మరణించెనని యొక మాట గలదు. పది సూర్యులలోఁ దొమ్మండ్రను గూల్చిన వీరుఁడే యీతఁడు. షూ షెన్ అను వ్యాఖ్యాత యా మాటను వివరించుచు, థావోకొయ్యతోఁ జేసిన పెద్దకఱ్ఱచే నతఁడు కొట్టఁబడి చచ్చెననియు, నది మొదలు భూతములు థావోకు వెఱచుచున్న వనియు వ్రాసెను. మహావీరునిఁ గూల్చిన దండమునకు భూతములు జంకుట వింత గాదని కథాతాత్పర్యము.

రెండవ యర్థవాదము క్రీ.శ. మొదటి శతాబ్దివాఁడైన వాంగ్ చోంగ్ రచించిన లున్‌హెంగ్ అను గ్రంథమునఁ గలదు. సముద్రమధ్యమున దూషువో యను పర్వతము. దానిపై మూఁడువేల లీల దూరము కొమ్మలు పఱచిన థావోమహావృక్షము. ఈశాన్యశాఖలనడుమ భూతములు రాకపోకలు సల్పు ద్వారము. ఆ ద్వారమున షెన్ షూ, యూ ల్యూ యను నిరువురు దేవతలు. వారు హానికరములగు భూతములను ఱెల్లుత్రాళ్లతో బంధించి పులులకు నాహారముగా వేయుదురు. అది చూచి హువాంగ్‌దీ యను పురాణచక్రవర్తి ద్వారములయొద్ద థావోప్రతిమలు నిలిపి, యా దేవతలను బులిని జిత్రింపించి, ఱెల్లుత్రాళ్లు గట్టించెనఁట. వాంగ్ చోంగ్ దీనిని షాన్‌హాయ్‌జింగ్ అను ప్రాచీనగ్రంథమునుండి యుదాహరించెను. నేఁడు లభించు నా గ్రంథపాఠమున నీ భాగము లేదు. యింగ్ షావ్ అను పండితుఁడును రెండవ శతాబ్ది చివర నీ కథనే స్వల్పభేదముతోఁ జెప్పి, సంవత్సరాంతమున గ్రామాధికారులు థావోప్రతిమల నలంకరించు నాచారమునకు మూలముగాఁ జూపెను. కథ నుదాహరించిన వాంగ్ చోంగ్ మాత్రము భూతములయందు విశ్వాసము లేనివాఁడు. అవి రోగపీడితుల చిత్తవృత్తివలనఁ బుట్టినవే యని వాదించినవాఁడు. విశ్వసింపనివాని గ్రంథముననే విశ్వాసముయొక్క సమగ్రవర్ణనము నిలిచి యుండుట వాఙ్మయచరిత్రలో నపూర్వము గాదు.

మూఁడవది శబ్దసామ్యము. క్రీ.శ. రెండవ శతాబ్దివాఁడైన ఫూ ఛియెన్ పూర్వోక్తమైన ధనుర్బాణప్రసంగమును వ్యాఖ్యానించుచు, అరిష్టమునుండి తప్పించుకొనుటకే థావో యని పలాయనవాచకముతో వృక్షనామమునకు నిర్వచనము సెప్పెను. అనఁగా విధికిని, దానికిఁ దోడుగా వచ్చిన యీ నిర్వచనమునకును నడుమ నించుమించు ఏడువందల సంవత్సరముల యంతర మున్నది. ఒక్క విధికిఁ బరస్పరసంబంధము లేని మూఁడు హేతువులు వేర్వేరు కాలములఁ జెప్పఁబడినపు డందేదియు మూలహేతువు గాకపోవుటయే సంభావ్యము. మూలహేతువు విస్మృత మైనపుడే వ్యాఖ్యాతలు హేతువులను వెదకుదురు.

ఇట ఫూ ఛియెన్ పక్షమువారు, చెప్పకపోయినను శబ్దసామ్యము పూర్వులకుఁ దెలిసియే యుండవచ్చు ననవచ్చును. ప్రాచీనచీనభాషోచ్చారణమును బునర్నిర్మించిన నవీనులును నీ రెండుపదములు పూర్వకాలమందును సమానధ్వనులే యని నిర్ణయించిరి గావున నీ యాక్షేపము తోసివేయఁదగినది కాదు. కాని సంభవము ప్రమాణము గాదు. హేతుత్వము నిర్ణయించుట కన్వయవ్యతిరేకములే శరణ్యములు.

వ్యతిరేక మెట్లనఁగా, శబ్దసామ్యము లేనిచోటను గార్య మున్నదా? ఉన్నది. థావోధనుస్సుతో ముండ్లబాణములు, థావోకొమ్మతో ఱెల్లుచీపురు, థావోప్రతిమతో ఱెల్లుత్రాడు ప్రాచీనకర్మలయందు సర్వత్ర జంటలై వచ్చుచున్నవి. ముండ్లకుఁగాని ఱెల్లునకుఁగాని పలాయనవాచకముతో ధ్వనిసామ్యము లేదు. ఫూ ఛియెన్ సైతము ముండ్లకు సూదివంటి తీక్ష్ణత్వమునే కారణముగాఁ జెప్పవలసివచ్చెను. ఒకే కర్మయం దొకే ప్రయోజనమునకై విధింపఁబడిన సాధనములలో నొకదానికి ధ్వని, వేఱొకదానికి స్వరూపము హేతువని చెప్పుట గౌరవదోషము.

అన్వయ మెట్లనఁగా, శబ్దసామ్య మున్నచోట నెల్లఁ గార్య మున్నదా? లేదు. నేఁటి యుచ్చారణమునఁ గుమ్మరిపనిని దెలుపు పదమును థావోయే. మహాతరంగమును దెలుపు పదమును థావోయే. కుండను జూచి భూతము పాఱిపోవునని యెవ్వరును జెప్పలేదు.

ఇంకొక విశేషము గలదు. వీరుని మరణకథను జెప్పిన వ్యాఖ్యాత షూ షెన్ సామాన్యుఁడు గాఁడు; క్రీ.శ. 100వ సంవత్సరమున ముగింపఁబడిన ష్వోవెన్ జీజీ యను ప్రసిద్ధనిఘంటువునకుఁ గర్త. చీనలిపిసంకేతముల నవయవశః విభజించి యర్థము నిర్ణయించుటయే యా గ్రంథప్రయోజనము. థావోపదమునకు నతఁడు ఫలమని యర్థము సెప్పి, వృక్షావయవ మర్థబోధకమనియు, జావో యవయవము ధ్వనిమాత్రబోధక మనియు వ్రాసి విరమించెను. పలాయనప్రసక్తి తేలేదు. భూతభయమునకుఁ గారణము సెప్పవలసివచ్చినపుడు కథను జెప్పెనుగాని ధ్వనిని జెప్పలేదు. శబ్దశాస్త్రమునం దాదేశమునఁ బ్రథమగణ్యుఁడైనవాఁడే యీ శబ్దసామ్యమును హేతువుగా గ్రహింపకుండుట గమనింపఁదగినది.

జపానుదేశపు సాక్ష్య మీ విషయమునఁ బ్రబలతరము. చీనుల సంవత్సరాంతపు భూతోచ్చాటనకర్మ జపాను రాజగృహమునఁ బ్రవేశించినది. క్రీ.శ. 927వ సంవత్సరమున ముగింపఁబడిన యెంగిషికి యను విధానగ్రంథమున నా కర్మకు థావోధనుస్సులును ఱెల్లుబాణములును విధింపఁబడినవి. జపానుభాషలో నా చెట్టునకు మోమో యని పేరు. ఆ మాటకుఁ బలాయనవాచకములతో నెట్టి సామ్యమును లేదు. శబ్దము మాఱినది, ధ్వనిసామ్యము నశించినది, కర్మ నిలిచినది. శబ్దమే ప్రాణమైనచో నది పోయిన పిమ్మటఁ గర్మ జీవింపఁజాలదు.

దీనికి మాఱుగా వృక్షము వచ్చి కర్మ రాని దేశము భరతఖండము. ఆంధ్రదేశమున వేంగీధాన్యకటకములను దర్శించిన చీనయాత్రికుఁడు ష్వాన్‌జాంగ్, క్రీ.శ. 646వ సంవత్సరమున ముగించిన తన గ్రంథమునఁ బంజాబుప్రాంతమందలి చీనభుక్తి యను సీమను వర్ణించెను. కనిష్కుని కాలమునఁ జీనమునుండి వచ్చిన శరీరబంధకుఁడైన రాజకుమారుఁ డచట వసించెననియు, నతఁడే థావోను బేరిపండుచెట్టును నీ దేశమునకుఁ దెచ్చెననియు, నందుచే జనులు పేరిపండును జీనరాజపుత్ర మనియు, థావోను మూఁడక్షరముల చీనలిపిలోఁ జీననీ యని చదువఁదగిన పేరుతోను వ్యవహరింతు రనియుఁ జెప్పెను. ఆ రెండవ పేరునకుఁ జీనమునుండి తేఁబడిన దని యాతఁ డర్థము వ్రాసెను.

వ్యాకరణదృష్టితోఁ జూచిన నీ రూపమున కా యర్థము పొసఁగదు. నీధాతువునకుఁ గ్విప్ప్రత్యయము చేర్చినచో సేనానీ, గ్రామణీ శబ్దములయం దట్లు కర్త్రర్థమే వచ్చును. అప్పుడు చీనమును నడపునది యని యర్థ మగును. తేఁబడిన దను కర్మార్థము రావలెనన్నఁ గ్తప్రత్యయము కావలెను, అనఁగాఁ జీనానీత మను రూప ముండవలెను. లిపిరూపమున నొక యక్షరము కొఱవడినది. అయినను యాత్రికుఁడు సెప్పిన విషయము సత్యమే. థావో చీనదేశజాతమే యని 1883వ సంవత్సరమున డికండోల్ అను వృక్షశాస్త్రజ్ఞుఁడు వాదించెను. జ్జియాంగ్ రాష్ట్రమందలి క్వాహుఛియావ్ త్రవ్వకములలో నించుమించు ఎనిమిదివేల యేండ్లనాఁటి థావోటెంకలు దొరకుటచే నా వాదము బలపడినది. కనిష్కకాలవిషయ మెట్లున్నను, జీనమునుండి వచ్చిన దనుట స్థిరము. ఇచ్చట రూపము చెడినను జరిత్ర నిలిచినది. ఫూ ఛియెన్ నిర్వచనమున ధ్వని చక్కఁగాఁ గుదిరినను జరిత్ర కుదురలేదు. నిర్వచనముయొక్క సౌష్ఠవము సత్యమునకుఁ గొలఁది గాదనుటకు నీ రెండును జాలును. మఱియు భారతీయులు ఫలమును దినిరి, పేరు పెట్టిరి; కాని యా కొయ్యతో భూతములను దఱుమలేదు. కావున నీ యాచారము చెట్టుతోను బోలేదు, ధ్వనితోను బోలేదు. కర్మసంప్రదాయము పోయినచోటికే పోయినది.

అట్లైనచోఁ జీనమున శబ్దసామ్యహేతుకములగు నాచారములే లేవా యనినఁ, గలవు. పూలకుండను దెలుపు ఫింగ్ శబ్దమునకు శాంతివాచకమైన ఫింగ్ శబ్దముతో సామ్య ముండుటచేఁ గుండను శాంతిచిహ్నముగా నుంతురు. శుభవాచకాక్షరమును ద్వారమునఁ దలక్రిందుగా నంటింతురు. తలక్రిందగుట యను మాటయు, వచ్చుట యను మాటయు సమానధ్వనులు గావున శుభము వచ్చిన దని భావము. ఇచ్చట ధ్వనిని దీసివేసినఁ గుండ కుండయే, తలక్రిందగుట తలక్రిందగుటయే. ఆచారమునకు వేఱాధారము లేదు. అట్టిచోట శబ్దము హేతువు. థావోవిషయమున ధ్వనిని దీసివేసినను నాచారము నిలుచుచున్నది. అట్టిచోట శబ్ద మర్థవాదము. ఈ రెంటిని వివేచింపక యొకే గాటఁ గట్టుటయే సామాన్యవ్యాఖ్యాతల దోషము.

శబ్దము హేతువు గాకున్న మఱేది? వసంతారంభమునఁ బుష్పించు చెట్టగుటయే కారణ మనువారు గలరు. కాని తొలిసాక్ష్యములయందుఁ బుష్పప్రసక్తి లేదు. అందు సామాన్యముగాఁ గనవచ్చునది యొక్కటియే: థావోకొయ్య యాయుధముగాఁ గాని, యాయుధములసరసనఁ గాని కనఁబడుచున్నది. ధనుస్సు, దండము, శుద్ధి చేయు కొమ్మ, ప్రక్కనే నిలిచిన యాయుధధారి, యివియే యందలి సామగ్రి. హాన్ రాజధానియందు సంవత్సరాంతమున జరుగు మహోచ్చాటనమును హౌహాన్‌షూ యను చరిత్ర వర్ణించినది. పది మొదలు పండ్రెండేండ్లలోపు బాలురు 120 మంది యందుఁ బాల్గొనిరి. కర్మాంతమున మంత్రులకును సేనాపతులకును ఱెల్లు శూలములును థావోదండములును బహూకరింపఁబడెను. సేనకు నాయుధము లిచ్చునట్లే యిది.

వాంగ్ మాంగ్ వృత్తాంత మింకను స్పష్టము. హాన్‌వంశమును ద్రోసివైచి క్రీ.శ. 9 మొదలు 23 వఱకు రాజ్యమేలిన యీతఁడు హాన్ మూలపురుషుని యాత్మకు వెఱచి, యాతని యాలయమునకు భటులనంపెను. వారు కత్తులతో నలుదిక్కుల నఱకి, గొడ్డండ్లతోఁ దలుపులను గిటికీలను బగులఁగొట్టి, థావోకషాయమును గోడలపైఁ జల్లి, యెఱ్ఱని కొరడాలతోఁ గొట్టిరి. కత్తి, గొడ్డలి, కొరడాలతో థావో యేకపంక్తిని నిలిచినది. అరి మృతుఁడైనచో నతనిపై నెత్తఁదగిన యాయుధ మిది. ఆ యాయుధ మాతనిని గాపాడలేదు. 23వ సంవత్సరమున వాంగ్ మాంగ్ తిరుగుబాటుదారులచేఁ జంపఁబడెను.

ఫలము దీర్ఘాయువు నొసఁగునని చీనులు నమ్ముదురు గదా, కొయ్యకు శక్తి ఫలమునుండి సంక్రమించిన దనరాదా యను నాక్షేపము మిగిలి యున్నది. పశ్చిమదిక్కునకు మాతయైన షీవాంగ్‌మూ హాన్‌చక్రవర్తియైన వూదీకి మూఁడువేల యేండ్ల కొకసారి ఫలించు చెట్టు ఫలముల నైదింటి నిచ్చిన కథ జాంగ్ హువా రచించిన బోవూజీయందుఁ గలదు. జాంగ్ హువా క్రీ.శ. 232–300 నడుమ జీవించినవాఁడు. 1592వ సంవత్సరపు ముద్రణముగల షీయూజీ కథయందు వానరవీరుఁ డా తోఁటలోని ఫలములను దొంగిలించుట సుప్రసిద్ధము. ఇవన్నియుఁ బూర్వోక్తకర్మలకంటె నర్వాచీనములు. ప్రాచీనకాలమున నీ ఫలమునకు గౌరవమే లేదు. క్రీ.పూ. 233లో మరణించిన హాన్‌ఫేయ్ గ్రంథమున, నాఱువిధముల ఫలములలో థావో యధమ మనియుఁ, బితృదేవాలయమున దానికిఁ బ్రవేశము లేదనియుఁ గన్‌ఫ్యూషియసు నోటఁ బలికింపఁబడినది. కావున ఫలమహిమ కొయ్యకు మూలము గానేరదు. 712వ సంవత్సరపు జపాను గ్రంథమైన కోజికియందు నిజానగి దేవుఁడు తన్ను వెన్నాడు ప్రేతలోకవాసులపై మూఁడు థావోఫలములను బ్రయోగించెను. అందును ఫలము తినఁబడలేదు, విసరఁబడినది. అది యస్త్రమే.

ఇఁక నీ యాయుధము మంగళవాక్య మైన క్రమము వాఙ్మయవిమర్శకులకు ముఖ్యమైనది. మొదట దండము, పిమ్మట ద్వారమున నిలుపు ప్రతిమ. జాన్‌గ్వోత్సె యను గ్రంథమున మట్టిబొమ్మయు థావోబొమ్మయు సంభాషించు నీతికథ గలదు. వఱద వచ్చినచో మట్టిబొమ్మ తాను బుట్టిన మట్టిలోనే కలియును. థావోబొమ్మ యెటకుఁ గొట్టుకొనిపోవునో తెలియదు. పరదేశమున కేగఁదలఁచిన ఛీ రాజ్యపు మంత్రి నాపుట కీ కథ చెప్పఁబడినది. రక్షకుఁడైన ప్రతిమయే నిరాశ్రయమగుట యిందలి చమత్కారము. హాన్‌కాలమున గ్రీష్మమధ్యమం దాఱంగుళముల పొడవును, మూఁడంగుళముల చదరమును గల థావోముద్రలపై నైదువన్నెల నక్షరములు వ్రాసి ద్వారములఁ గట్టుచుండిరి. కొయ్యపై నక్షరము నిలిచినది. ఆఱవ శతాబ్దివాఁడైన జోంగ్ లిన్ వర్ణించిన యాచారములలో నూతనసంవత్సరదినమున థావోపలకలు తలుపులఁ జేర్చి, వానిని సిద్ధపురుషదారు వని పిలుచుట గలదు.

ఈ పలకలకే థావోఫూ యని పేరు. ఫూ యనఁగా రక్షాపత్రము. పదవ శతాబ్దమున ష్యూ రాజగు మెంగ్ ఛాంగ్ ప్రతిసంవత్సరాంతమున వీనిపై నాస్థానపండితులచే వ్రాయించుచుండెను. రాజ్యకాలపుఁ దుదియేఁటఁ బండితుని రచన నచ్చక తానే జంటపాదములు రచించెను. 965వ సంవత్సరమున నాతఁడు సాంగ్ సేనలకు లోఁబడెను. ఆతఁడు వాడిన మాటలలో మిగులు శుభ మను నర్థముగల యూఛింగ్ పదము, జయించినవారు ఛెంగ్దూకు నియమించిన యధికారి ల్యూ యూఛింగ్ పేరాయెను. దీర్ఘవసంత మను నర్థముగల ఛాంగ్‌ఛున్ పదము సాంగ్ చక్రవర్తి జన్మదినోత్సవముయొక్క పేరే. తన రక్షకై వ్రాసికొన్న మాటలు శత్రువునకు స్వాగత మైనవని చరిత్రకారులు వ్రాసిరి. ఇదియు శబ్దసామ్యార్థవాదమే, రాజ్యము పోయిన పిమ్మట నక్షరములయందుఁ గారణము వెదకఁబడినది. ఈ పాదములే ద్వారపద్యములలో మొదటివని ప్రసిద్ధి. కాని 1900వ సంవత్సరమున డున్‌హువాంగ్ గుహలో బయల్పడిన వ్రాఁతప్రతులలో నంతకుఁ బూర్వపువి యని చెప్పఁదగిన జంటపాదములు చూపఁబడుటచే నా ప్రసిద్ధి సందిగ్ధమైనది.

వాంగ్ ఆన్‌షీ కవి (1021–1086) నూతనసంవత్సరపద్యమునఁ బాతపలకలఁ దీసి క్రొత్తవానిఁ జేర్చుట వర్ణితమైనది. పిమ్మటఁ గొయ్యస్థానమున నెఱ్ఱకాగితము వచ్చి, వసంతయుగళము లనఁబడు ద్వారపద్యము లింటింట వెలసినవి. ద్వారదేవతలుగా నుండిన షెన్ షూ, యూ ల్యూలకు బదులు థాంగ్ కాలపు సేనాపతులు చిత్రితులైరి. అయినను గాగితపుఁ బద్యములకును థావోఫూ యను పేరు చిరకాలము వ్యవహారమున నిలిచినది. కుశలను ద్రెంచువాఁ డను యోగార్థమును విడిచి కుశలశబ్దము నిపుణునియందును, వీణావాదనపటువను నర్థమును విడిచి ప్రవీణశబ్దము సమర్థునియందును రూఢమైనట్లే, చెట్టు లేని కాగితమున థావోశబ్దము రూఢమైనది. ఆయుధము పోయి యక్షరము, రక్షణము పోయి మంగళము మిగిలినవి. తఱుముటకుఁ బుట్టినది పిలుచుటకుఁ బర్యవసించినది.

కావున నిర్ణయ మిది. థావోపలాయనశబ్దసామ్య మీ యాచారమునకు మూలము గాదు. ఆచారము స్థిరపడిన పిమ్మట దానిని నిలుపుటకుఁ దోడ్పడిన యర్థవాదము. అట్లని యది హేయమును గాదు. విధికి స్తుతి కావలెను, స్తుతియే జనహృదయమున విధిని నిలుపును. యాస్కాదులు నిర్వచనమును విడువరా దనుట యర్థబోధకొఱకే. దానినే చరిత్రప్రమాణముగాఁ గొనుట వారి యాశయము గాదు. లోకాచారమును బరీక్షించువారు ముందుగా దాని తొలిసాక్ష్యముయొక్క కాలమును, పిమ్మట నా కర్మయందుఁ దోడైన యితరసాధనములను, పిదపఁ బరభాషలోనికిఁ బోయినపు డది నిలిచెనా నశించెనా యనుదానిని విచారించి, చివరనే శబ్దమును విభజింపవలెను. ఈ క్రమము తలక్రిందైనచో, శబ్దమునం దెంత నిష్ణాతుఁడైనను, ద్వారమునఁ గాగిత మంటించి కొయ్య నిలిపితి నని తలఁచినవాఁడే యగును.